ఆఫ్రికా శరణార్థుల స్వదేశాగమనం: రవాణా, ఆహార సమస్యలు – మొజాంబిక్ అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

• శరణార్థుల స్వదేశాగమనం అంటే ఏమిటో, అది స్వచ్ఛందంగా ఎందుకు జరగాలో వివరించగలుగుతారు.
• లక్షలాది మందిని సొంత ఊళ్లకు చేర్చడంలో ఎదురయ్యే రవాణా సమస్యలను గుర్తించగలుగుతారు.
• రేషన్ పరిమాణాన్ని, దాన్ని మోసే లారీల సంఖ్యను స్వయంగా లెక్కకట్టగలుగుతారు.
• తిరుగు ప్రయాణపు తేదీకి, వ్యవసాయ క్యాలెండరుకు ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

తరగతి గదిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నేను విద్యార్థులను ముందుగా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. "ఒక శరణార్థి కుటుంబం పదేళ్ల తరవాత స్వదేశానికి తిరిగి వచ్చింది. ఆ తిరిగి రావడం ఏ రోజున పూర్తయినట్లు?" సరిహద్దు దాటిన రోజున అని ఎక్కువమంది అనేవారు. ఇల్లు కట్టుకున్న రోజున అని కొందరు. రైతు కుటుంబాల నుంచి వచ్చిన ఒకరిద్దరు మాత్రం "మొదటి పంట ఇంటికి వచ్చిన రోజున" అనేవారు. ఆ ఒకరిద్దరిదే సరైన జవాబు. అది ఎందుకు సరైనదో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పత్రికల్లో శరణార్థుల వార్తలు సాధారణంగా పారిపోయే సమయంలో వస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు లారీలో చేతులు ఊపే పిల్లల ఫొటో ఒకటి వస్తుంది. అక్కడితో వార్త ముగుస్తుంది. కాని అసలు కష్టం లారీ వెళ్లిపోయాక మొదలవుతుంది. పదేళ్లుగా దున్నని పొలం, కూలిన ఇల్లు, పూడిపోయిన బావి, దారిలో మందుపాతరలు, చేతిలో కొద్దివారాల గింజలు. ఈ పరిస్థితిలో ఒక కుటుంబం నిలదొక్కుకోవాలంటే ఏయే వస్తువులు, ఎంతెంత, ఏ తేదీ నాటికి, ఏ దారిన చేరాలి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పేదే లాజిస్టిక్స్. తెలుగులో దీన్ని సరఫరా నిర్వహణ అనవచ్చు.

మొజాంబిక్ శరణార్థులు 1992–1996 మధ్య తిరిగి వచ్చిన తీరును ఇక్కడ ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాం. అప్పటివరకు ఆఫ్రికాలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం చేపట్టిన స్వదేశాగమన కార్యక్రమాలన్నిటిలో అదే పెద్దది.

2. స్వదేశాగమనం: చట్టం, సూత్రం

శరణార్థుల హైకమిషనర్ కార్యాలయాన్ని 1950 డిసెంబరులో ఏర్పాటు చేశారు. శరణార్థుల హోదాకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక 1951లో వచ్చింది. ప్రాణభయం ఉన్న చోటికి ఏ మనిషినీ బలవంతంగా తిరిగి పంపరాదన్నది ఆ ఒడంబడికకు ప్రాణం వంటి నియమం.

ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1969 సెప్టెంబరు 10న అడిస్ అబాబాలో తన సొంత ఒడంబడికను ఆమోదించింది. స్వదేశాగమనం గురించి ప్రత్యేకంగా ఒక అధికరణం ఉండటం దీని విశేషం. శరణార్థిని అతని ఇష్టానికి విరుద్ధంగా తిరిగి పంపరాదని అది స్పష్టంగా చెబుతుంది. తిరిగి వచ్చినవారిని శిక్షించరాదనీ, వారికి సాయపడాలనీ స్వదేశ ప్రభుత్వాన్ని కోరుతుంది. ఈ ఒడంబడిక 1974 జూన్ 20న అమలులోకి వచ్చింది. జూన్ 20ని ఆఫ్రికాలో శరణార్థుల దినంగా జరుపుకొనేవారు. 2001 నుంచి అదే ప్రపంచ శరణార్థుల దినమైంది.

ఆచరణలో స్వదేశాగమనం రెండు విధాలుగా జరుగుతుంది.

(అ) ఏర్పాటు చేసిన ప్రయాణం: పేరు నమోదు, వైద్య పరీక్ష, లారీ లేదా రైలు లేదా విమానం, దారిలో భోజనం, చేరిన చోట సామగ్రి. నమీబియా ఇందుకు ఉదాహరణ. 1989 నవంబరు ఎన్నికలలోగా సుమారు 43,000 మందిని, ఎక్కువమందిని విమానాల్లో, తిరిగి చేర్చారు. సంఖ్య చిన్నది, గడువు కచ్చితమైనది, మనుషులు అనేక దేశాల్లో చెదిరి ఉన్నారు. అందువల్ల విమానం సమంజసమైంది.

(ఆ) తమంతట తామే వెళ్లడం: కబురు అందగానే మూట నెత్తిన పెట్టుకొని నడవడం. ఆఫ్రికాలో తిరిగి వచ్చినవారిలో చాలామంది ఈ విధంగానే వచ్చారు. మొజాంబిక్‌లోనూ అంతే.

విద్యార్థులు సాధారణంగా మొదటి విధానాన్నే అసలు కార్యక్రమం అనుకొంటారు. కాని నడిచి వచ్చినవారికీ ఆకలి అంతే ఉంటుంది. ప్రణాళిక వారిని కూడా లెక్కలో వేసుకోవాలి.

3. మొజాంబిక్: నేపథ్యం

మొజాంబిక్ 1975 జూన్ 25న పోర్చుగీసు పాలన నుంచి విముక్తి పొందింది. కొద్దికాలానికే ఫ్రెలిమో ప్రభుత్వానికీ, రెనామో తిరుగుబాటుదారులకూ మధ్య అంతర్యుద్ధం మొదలై సుమారు 16 ఏళ్లు సాగింది. పల్లెలు, బడులు, ఆసుపత్రులు, రైలుమార్గాలు, వంతెనలు యుద్ధానికి లక్ష్యాలయ్యాయి. సుమారు 17 లక్షల మంది మలావీ, జింబాబ్వే, దక్షిణాఫ్రికా, టాంజానియా, జాంబియా, స్వాజిలాండ్ దేశాలకు వెళ్లిపోయారు. దేశం లోపలే ఇళ్లు వదిలినవారు ఇంకా ఎక్కువ. వారి సంఖ్య 40 లక్షల వరకు ఉంటుందని అంచనా.

శరణార్థుల్లో పది లక్షలకు పైగా ఒక్క మలావీలోనే ఉన్నారు. మలావీ చిన్న దేశం, పేద దేశం, సముద్రతీరం లేని దేశం. దాని జనాభాలో ప్రతి పదిమందికి ఒక శరణార్థి చొప్పున చేరారు. దక్షిణ కొసన ఉన్న న్సాంజే జిల్లాలో స్థానికుల కంటే వచ్చినవారే ఎక్కువయ్యారు. అయినా ఆ దేశం సరిహద్దు మూయలేదు.

1992 అక్టోబరు 4న రోము నగరంలో ప్రభుత్వాధ్యక్షుడు చిస్సానో, రెనామో నాయకుడు ధ్లకామా శాంతి ఒప్పందంపై సంతకాలు చేశారు. ఒప్పందం అమలును పర్యవేక్షించడానికి ఐక్యరాజ్యసమితి శాంతిదళం వచ్చింది. అందులో మన భారత సైన్యపు ఇంజనీరింగ్, సరఫరా దళాలు కూడా పనిచేశాయి. ఒప్పందం జరిగిన కొద్ది నెలల్లోనే జనం నడక మొదలుపెట్టారు. అధికారిక కార్యక్రమం 1993 మధ్యలో ప్రారంభమై 1996లో ముగిసింది.

అయితే ఒప్పందం కుదిరిన సంవత్సరాన్ని గమనించండి. 1991–92లో దక్షిణాఫ్రికా ప్రాంతమంతటా తీవ్రమైన కరువు వచ్చింది. అంటే శాంతి వచ్చేనాటికి గాదెలు ఖాళీగా ఉన్నాయి, విత్తనం కూడా మిగల్లేదు.

4. రవాణా సమస్యలు

4.1 దారి

మలావీ సరుకులు సహజంగా మొజాంబిక్‌లోని బైరా, నకాలా రేవుల నుంచి రావాలి. యుద్ధం వల్ల ఆ రైలుమార్గాలు దెబ్బతిన్నాయి. దాంతో శరణార్థుల మొక్కజొన్న కూడా చాలా కాలం టాంజానియాలోని దార్-ఎస్-సలామ్ నుంచో, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచో చుట్టు తిరిగి రావలసి వచ్చింది. దారి పొడవైన కొద్దీ కిరాయి పెరుగుతుంది, ఆలస్యం పెరుగుతుంది, బస్తాలు చిరిగి గింజలు పోతాయి.

మొజాంబిక్ లోపల పరిస్థితి ఇంకా కష్టం. మలావీ దక్షిణ కొసకు ఆనుకొని ఉన్న ముతరారా జిల్లా దగ్గర జాంబేజీ నది మీద డోనా ఆనా వంతెన ఉంది. దాని పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైనే. అంతర్యుద్ధంలో దాన్ని పేల్చివేశారు. 1990ల మధ్యలో మరమ్మతు జరిగేదాకా నది ఈ ఒడ్డున ఉన్న గింజలు ఆ ఒడ్డుకు చేరడం పెద్ద సమస్య. ఇలాంటి పెద్ద వంతెన ఒకటి కాగా, కల్వర్టులు, చిన్న వంతెనలు విరిగినవి లెక్కలేనన్ని.

మందుపాతరల సంగతి వేరే చెప్పాలి. ఒక బాటలో పాతరలు ఉన్నాయన్న అనుమానం చాలు, ఆ బాట మూతపడినట్లే. లారీ ఆగిపోతుంది, రైతు పొలంలోకి దిగడు, ఆడవాళ్లు ఆ వైపు బావికి వెళ్లరు. మొజాంబిక్ తనను మందుపాతరలు లేని దేశంగా ప్రకటించుకోగలిగింది 2015 సెప్టెంబరులో. అంటే ఒప్పందం జరిగిన 23 సంవత్సరాలకు.

పైన చెప్పినవాటికి తోడు వాన. నవంబరు నుంచి మార్చి వరకు వర్షాకాలం. మట్టిరోడ్లలో లోడుతో ఉన్న లారీ ఇరుసుదాకా దిగబడుతుంది. కాబట్టి గింజలను వానలకు ముందే లోపలి గోదాముల్లో నిలవచేయాలి. గోదాము లేని చోట తాత్కాలిక షెడ్డు వేయాలి, ఎలుకల నుంచి, చెమ్మ నుంచి కాపాడాలి.

4.2 లారీల లెక్క

ఒక ఊహాత్మక లెక్క చేద్దాం. పెన్ను, కాగితం తీసుకోండి. లక్ష మందిని లారీల్లో తరలించాలి. లారీకి 50 మంది చొప్పున 2,000 ట్రిప్పులు అవసరం. వెళ్లిరావడానికి 3 రోజులు పడుతుందనుకోండి. మన దగ్గర 100 లారీలు ఉంటే ఒక్కొక్కటి 20 ట్రిప్పులు వేయాలి. మొత్తం 60 రోజులు.

కాని వంద లారీలు ఉన్నాయంటే వందా నడుస్తాయని కాదు. టైర్లు, స్ప్రింగు పట్టీలు, డీజిల్, డ్రైవరు జ్వరం, వీటన్నిటివల్ల ముప్పై లారీలు షెడ్డులో ఉంటే మిగిలినవి 70. ఒక్కొక్కటి 29 ట్రిప్పులు వేయాలి. 60 రోజుల పని 87 రోజులవుతుంది. ఈ 27 రోజుల తేడా ఎంత ప్రమాదకరమో 6వ భాగంలో చూస్తారు.

4.3 సామాను

పై లెక్కలో ఒక లోపం ఉంది. కనిపెట్టారా? మనుషులు ఒట్టి చేతులతో రారు. పదేళ్ల కాపురం వెంట వస్తుంది. మేకలు, కోళ్లు, సైకిలు, తలుపు చెక్కలు, ఇంటి కప్పు రేకులు, రోకలి, నిలవ మొక్కజొన్న బస్తాలు వస్తాయి. కార్యాలయంలో కూర్చొని చూస్తే ఇవి అనవసరపు బరువు. కాని ఆ తలుపు, ఆ రేకులు కొత్త ఊళ్లో కొనడానికి దొరకవు. మేక ఆ ఇంటి బ్యాంకు పొదుపు వంటిది. సామాను వదిలి రమ్మంటే చాలామంది కదలరు. కదిలినా పేదవారై చేరతారు. కాబట్టి మనుషులకు ఎన్ని లారీలో లెక్కించినట్లే, సామానుకూ లెక్కించాలి.

స్వయం పరీక్ష – 1

(గమనిక: మీ జవాబులను విడిగా రాసుకొని, చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూసుకోండి.)

1. నమీబియా విషయంలో విమానాలు ఎందుకు సమంజసమయ్యాయి?
2. 100 లారీలలో 80 మాత్రమే నడిస్తే పై ఉదాహరణలో ఎన్ని రోజులు పడుతుంది?

5. ఆహార సమస్యలు

5.1 రేషన్ లెక్క

పూర్తిగా సాయం మీద ఆధారపడిన మనిషికి రోజుకు సగటున 2,100 కిలో క్యాలరీల శక్తి ఉండాలన్నది ప్రణాళిక వేయడానికి వాడే ప్రమాణం. ప్రపంచ ఆహార కార్యక్రమం వాడే నమూనా రేషన్లలో ఒకటి ఇలా ఉంటుంది.

ధాన్యం లేదా పిండి – 400 గ్రాములు
పప్పు, చిక్కుడు గింజలు – 60 గ్రాములు
నూనె – 25 గ్రాములు
పోషకాలు కలిపిన మిశ్రమ పిండి – 50 గ్రాములు
పంచదార – 15 గ్రాములు
అయోడిన్ ఉప్పు – 5 గ్రాములు
మొత్తం – 555 గ్రాములు

అరకిలోకు కాస్త ఎక్కువ, అంతే. చూడటానికి చిన్న సంఖ్య. ఇప్పుడు హెచ్చవేయండి. లక్ష మందికి రోజుకు 55.5 టన్నులు, 30 రోజులకు 1,665 టన్నులు. పల్లె రోడ్ల మీద 10 టన్నుల లారీలే నడుస్తాయనుకుంటే నెలకు 167 లోడ్లు. మొజాంబిక్‌కు తిరిగి వచ్చినవారు లక్ష కాదు, 17 లక్షలు.

మరో వైపు నుంచి చూడండి. అయిదుగురున్న కుటుంబానికి నెల రేషన్ బరువు సుమారు 83 కిలోలు. రెండు నెలలది 166 కిలోలు. ఇంత బరువు సరిహద్దు దగ్గర ఒకేసారి ఇచ్చి పంపితే ఆ కుటుంబం మోయలేదు. దారిలో అమ్ముకుంటుంది, లేదా సరిహద్దు దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి సరిహద్దులో ప్రయాణానికి సరిపడా ఇచ్చి, మిగతాది ఊరికి నడిచి వెళ్లగల దూరంలో పంచాలి. పంపిణీ కేంద్రం ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ అసలు నిర్ణయం. కేంద్రం ఉన్న చోటికే జనం చేరతారు. తప్పు చోట పెడితే పొలాలు ఒక చోట, మనుషులు ఒక చోట అవుతారు.

గింజలా, పిండా అన్నది మరొక ప్రశ్న. గింజ ఎక్కువ కాలం నిలవ ఉంటుంది కాని దంచాలి లేదా మర పట్టించాలి. పిండి వెంటనే వండుకోవచ్చు కాని త్వరగా పాడవుతుంది. మర లేని ఊరికి గింజలు పంపితే రోకలి కూడా పంపాలి. రోకటిపోటు పని అంతా ఆడవాళ్ల మీద పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

5.2 కడుపు నిండినా రోగం: పెల్లాగ్రా

క్యాలరీలు సరిపోతే ఆహారం సరిపోయినట్లేనా? కాదనడానికి ఈ శరణార్థుల జీవితంలోనే బాధాకరమైన ఉదాహరణ ఉంది. అది తిరుగు ప్రయాణానికి ముందు శిబిరాల్లో జరిగింది.

మలావీ, మొజాంబిక్ ప్రజల ప్రధానాహారం మొక్కజొన్న పిండితో గట్టిగా ఉడికించిన ముద్ద. మలావీలో దాన్ని ఎన్సిమా అంటారు. మన రాయలసీమ సంకటికి దగ్గరి చుట్టం అనుకోండి. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉన్నా మామూలుగా వండితే అది శరీరానికి సరిగా అందదు. శిబిరాల రేషన్‌లో ఆ లోటును తీర్చేవి వేరుశనగ గింజలు. 1990లో వేరుశనగ సరఫరా దెబ్బతింది. మొక్కజొన్న వస్తూనే ఉంది, కడుపులు నిండుతూనే ఉన్నాయి. కాని ఆ సంవత్సరం సుమారు 18,000 మందికి పెల్లాగ్రా వచ్చింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రేగడం, విరేచనాలు, మతి చలించడం ఈ వ్యాధి లక్షణాలు. చికిత్స లేకపోతే ప్రాణం పోతుంది. పెరటి తోట ఉన్న కుటుంబాల్లో, ఎలాగోలా వేరుశనగ సంపాదించుకొని తిన్న కుటుంబాల్లో వ్యాధి తక్కువగా కనిపించింది.

ఈ వ్యాధి మనకు కొత్తది కాదు. జొన్న ప్రధానాహారంగా తినే దక్కన్ పేదల్లో కనిపించిన పెల్లాగ్రా గురించి డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో 1960ల నాటికే ముఖ్యమైన పరిశోధనలు చేశారు. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

ఇందులో మన పాఠానికి పనికొచ్చే నీతి ఇది: రేషన్‌లో చిన్న పరిమాణంలో ఉండే వస్తువు ఆగిపోతే నష్టం చిన్నగా ఉండదు. 400 గ్రాముల ధాన్యం గురించి అందరూ శ్రద్ధ తీసుకుంటారు. పక్కనున్న గుప్పెడు గింజలను ఎవరూ పట్టించుకోరు. తిరిగి వెళ్లే కుటుంబానికి ఇచ్చే సామగ్రి తయారుచేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. కొత్త ఊళ్లో అంగడి ఉండదు, పెరటి తోట ఇంకా మొలవదు.

5.3 విత్తనం, పనిముట్లు

తిరిగి వచ్చిన కుటుంబానికి ఆహారంతో పాటు మొక్కజొన్న, చిక్కుడు వంటి విత్తనాలు, పార, కత్తి, బకెట్టు ఇవ్వాలి. ఇక్కడ మూడు మెలకువలు అవసరం.

మొదటిది, విత్తనం ఆ నేలకు సరిపోవాలి. ఎత్తు ప్రాంతపు రకం జాంబేజీ లోయ వేడికి తట్టుకోదు. రెండవది, విత్తనం అదనులో చేరాలి. వారం ఆలస్యమైతే దిగుబడి తగ్గుతుంది, నెల ఆలస్యమైతే విత్తనం ఒట్టి గింజే. మూడవది, విత్తనంతో పాటు తిండి కూడా చేరాలి. ఆకలితో ఉన్న ఇంట్లో విత్తనాల సంచి ఉంటే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. వండుకు తింటారు. అది తెలివితక్కువతనం కాదు, పిల్లల ఆకలి. అందుకే విత్తనాలు పంచే రోజున అదనంగా ఇచ్చే ఆహారాన్ని విత్తన రక్షణ రేషన్ అంటారు.

మొజాంబిక్ ఉత్తర ప్రాంతంలో కర్రపెండలం కూడా ముఖ్యమైన తిండి. గోదావరి జిల్లాల విద్యార్థులకు తెలిసిన విషయమే, దానికి విత్తనం గింజ కాదు, కాండం ముక్క. సంచిలో పోసి నిలవచేయడానికి వీలుకాదు. పచ్చిగా ఉండగానే తెచ్చి నాటాలి. దుంప ఊరడానికి సుమారు సంవత్సరం పడుతుంది.

6. వ్యవసాయ క్యాలెండరు: అసలు గడువు

ఇప్పుడు 4వ, 5వ భాగాల లెక్కలను ఒకచోట చేరుద్దాం. ఈ పాఠానికి గుండెకాయ ఈ భాగమే. మధ్య మొజాంబిక్‌లో వానలు సుమారుగా నవంబరులో మొదలవుతాయి. అప్పుడే మొక్కజొన్న విత్తుతారు. పంట సుమారుగా ఏప్రిల్ చివరికి ఇల్లు చేరుతుందనుకుందాం. పదేళ్లుగా పొదలు పెరిగిన నేలను పారతో బాగుచేయడానికి కనీసం ఆరు వారాలు కావాలి. అంటే కుటుంబం సెప్టెంబరు చివరికి ఊరు చేరాలి. ఇక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. లక్ష మందిని తరలించడానికి 60 రోజులు పడితే ఆగస్టు మొదట్లో బయలుదేరాలి. 87 రోజులు పడితే జూలై మొదటి వారంలోనే బయలుదేరాలి.

ఇప్పుడు రెండు సందర్భాలు పోల్చండి.

సందర్భం (అ): కుటుంబం సెప్టెంబరు చివర చేరింది. నవంబరులో విత్తింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు 7 నెలల ఆహారం ఇవ్వాలి. లక్ష మందికి 11,655 టన్నులు.

సందర్భం (ఆ): నిధులు ఆలస్యమై, లారీలు చెడి, కుటుంబం డిసెంబరు చివర చేరింది. విత్తే అదను దాటిపోయింది. ఈ సంవత్సరం పంట లేదు. జనవరి నుంచి పై సంవత్సరం ఏప్రిల్ వరకు 16 నెలల ఆహారం ఇవ్వాలి. లక్ష మందికి 26,640 టన్నులు.

మూడు నెలల ఆలస్యం తొమ్మిది నెలల ఆకలిగా మారింది. అదనంగా కావలసింది సుమారు 15,000 టన్నులు. అది కూడా వానలకు రోడ్లు తెగిపోయిన నెలల్లో చేర్చాలి. పల్లపు నేలల్లో కూరగాయలు, చేపలు, కూలిపని వంటివి ఈ లోటును కొంత పూడుస్తాయి. కాబట్టి నిజ జీవితంలో అంకెలు కాస్త మారతాయి. సూత్రం మారదు. లారీకి ఇచ్చే గడువును వానే నిర్ణయిస్తుంది.

ఈ సూత్రం శరణార్థులకు మనకంటే బాగా తెలుసు. మలావీ సరిహద్దు శిబిరాల్లో చాలా కుటుంబాలు ఒకేసారి కదలలేదు. ముందు మగవాళ్లో, పెద్ద పిల్లలో వెళ్లి నేల చూసుకొని, పొదలు కొట్టి, గుడిసె వేసి, విత్తి వచ్చారు. తక్కినవారు శిబిరంలోనే రేషన్ తీసుకుంటూ పంట దాకా ఆగారు. కొందరు అధికారులకు ఇది రెండు చోట్లా లబ్ధి పొందే మోసంగా కనిపించవచ్చు. నిజానికి అది ఒక రైతు కుటుంబం తనకు తానే వేసుకున్న బీమా. మంచి ప్రణాళిక దాన్ని అడ్డుకోదు, దానితో కలిసి నడుస్తుంది.

7. ఊళ్లో ఉండిపోయినవారు

తిరిగి వచ్చినవారికి మాత్రమే గింజలు, పారలు ఇస్తే ఏమవుతుంది? యుద్ధకాలమంతా ఊళ్లోనే ఉండి, అడవిలో దాక్కొని, అదే కరువును అనుభవించిన పొరుగువాడు చూస్తూ ఉంటాడు. "పారిపోయినవాడికి పార, నిలబడ్డవాడికి ఏమీ లేదా?" అని అతనికి అనిపించడం సహజం. శాంతి కొత్తగా వచ్చిన ఊళ్లో ఇటువంటి అసూయ చిన్న విషయం కాదు.

అందుకే మొజాంబిక్‌లో వ్యక్తులకు ఇచ్చే సాయంతో పాటు ఊరంతటికీ పనికొచ్చే చిన్న పనులు చేపట్టారు. బావి, బడి గది, ఆరోగ్య కేంద్రం, వంతెన మరమ్మతు వంటివి. వీటిని త్వరిత ఫలిత పథకాలు అన్నారు. తక్కువ ఖర్చుతో, కొద్ది నెలల్లో పూర్తికావడం వీటి లక్షణం. ఈ పద్ధతిని 1991 ప్రాంతంలో నికరాగువాలో మొదలుపెట్టి మొజాంబిక్‌లో పెద్దయెత్తున, వెయ్యికి పైగా పనుల్లో అమలుచేశారు. దీనికి ఒక పరిమితి కూడా ఉంది. బడి గది మూడు నెలల్లో లేస్తుంది. ఉపాధ్యాయుడి జీతం ఏటా ఎవరు ఇవ్వాలి? ఆ బాధ్యత చివరికి ప్రభుత్వానిదే. యుద్ధంతో చితికిన ప్రభుత్వానికి అది అంత తేలిక కాదు.

8. ఆహారమే ఒత్తిడి అయితే

2వ భాగంలో చెప్పిన సూత్రానికి మళ్లీ వద్దాం. తిరిగి వెళ్లడం స్వచ్ఛందంగా జరగాలి. శిబిరంలో రేషన్ సగమైతే, ఇంటికి వెళ్తానని మనిషి పెట్టిన వేలిముద్ర ఎంతవరకు స్వచ్ఛందం?

ఇది ఊహ కాదు. 2017లో నిధుల కొరత వల్ల టాంజానియాలోని శిబిరాల్లో రేషన్ తగ్గించవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్కడి బురుండి శరణార్థుల తిరుగు ప్రయాణాలు ప్రారంభమయ్యాయి. అందరూ ఆకలి వల్లే వెళ్లారని చెప్పలేం. కాని ఆకలి పాత్ర లేదనీ చెప్పలేం. ఇంతకుముందు, 1996లో, అదే టాంజానియా రువాండా శరణార్థులకు డిసెంబరు 31ని గడువుగా పెట్టింది. కొద్ది వారాల్లో సుమారు అయిదు లక్షల మంది సరిహద్దు దాటారు. రవాణా దృష్టితో చూస్తే అది వేగవంతమైన పని. స్వచ్ఛందత దృష్టితో చూస్తే ఈనాటికీ విమర్శకు గురవుతున్న పని.

కాబట్టి ఒక కార్యక్రమాన్ని అంచనా వేసేటప్పుడు "ఎంతమంది, ఎన్ని రోజుల్లో" అన్న ప్రశ్నతో ఆగకండి. "బయలుదేరేటప్పుడు వారికి ఉండిపోయే వీలుందా? చేరిన తరవాత విత్తే వీలుందా?" అని అడగండి. మొదటిది హక్కుల ప్రశ్న, రెండవది ఆహారపు ప్రశ్న. రెండిటికీ అవునన్న జవాబు వస్తేనే అది మంచి స్వదేశాగమనం.

9. సారాంశం

మొజాంబిక్‌లో 17 లక్షల మంది తిరిగి రావడం ఆఫ్రికా చరిత్రలో గొప్ప విజయాల్లో ఒకటి. ఎక్కువమంది తమ కాళ్ల మీదే వచ్చారు. విరిగిన వంతెనలు, మందుపాతరలు, వానలు రవాణాను కష్టతరం చేశాయి. రేషన్ విషయంలో పరిమాణంతో పాటు పోషకాలు, పంపిణీ కేంద్రం ఉండే చోటు ముఖ్యమని చూశాం. విత్తనం, పనిముట్లు, ఆహారం మూడూ కలిసి అదనుకు చేరకపోతే ఒక సంవత్సరం పంట పోతుంది. స్వదేశాగమనం మొదటి పంటతోనే పూర్తవుతుంది.

చివరగా ఒక మాట. 2016లో భారతదేశం మొజాంబిక్ నుంచి కందులు దిగుమతి చేసుకోవడానికి ఒప్పందం చేసుకొంది. ఒకప్పుడు జనం మలావీకి పారిపోయిన జాంబేజియా రాష్ట్రం ఆ కందులు బాగా పండే ప్రాంతాల్లో ఒకటి. తిండి గింజల కోసం సరిహద్దు దాటిన పల్లెలు ఇప్పుడు మన పప్పు గిన్నెకు గింజలు పంపుతున్నాయి. మొదటి పంట దాకా వారికి తోడు నిలిచినందువల్ల వచ్చిన ఫలితాల్లో ఇది కూడా ఒకటని గుర్తుంచుకోండి.

10. ముఖ్య పదాలు

స్వచ్ఛంద స్వదేశాగమనం: శరణార్థి పరిస్థితి తెలుసుకొని, ఇష్టపూర్వకంగా సొంత దేశానికి తిరిగి వెళ్లడం.
సరఫరా నిర్వహణ: కావలసిన వస్తువును కావలసిన చోటికి, కావలసిన సమయానికి చేర్చే ఏర్పాట్లు.
విత్తన రక్షణ రేషన్: విత్తనాలను తినేయకుండా ఉండటానికి విత్తే సమయంలో ఇచ్చే అదనపు ఆహారం.
త్వరిత ఫలిత పథకం: ఊరంతటికీ ఉపయోగపడేలా తక్కువ ఖర్చుతో, కొద్ది నెలల్లో పూర్తిచేసే పని.
పెల్లాగ్రా: నియాసిన్ లోపం వల్ల వచ్చే వ్యాధి.

11. స్వయం పరీక్ష – 1 సమాధానాలు

1. సంఖ్య తక్కువ, ఎన్నికల గడువు దగ్గర పడింది, శరణార్థులు అనేక దేశాల్లో చెదిరి ఉన్నారు.
2. 2,000 ట్రిప్పులను 80తో భాగిస్తే లారీకి 25 ట్రిప్పులు. ట్రిప్పుకు 3 రోజుల చొప్పున 75 రోజులు.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శరణార్థుల స్వదేశాగమనంలో ఎదురయ్యే రవాణా సమస్యలను మొజాంబిక్ ఉదాహరణతో చర్చించండి.
2. "లారీకి ఇచ్చే గడువును వానే నిర్ణయిస్తుంది." ఈ వాక్యాన్ని లెక్కలతో సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1990లో మలావీ శిబిరాల్లో పెల్లాగ్రా రావడానికి కారణాలు ఏమిటి?
2. ఊళ్లో ఉండిపోయినవారిని సాయం నుంచి మినహాయిస్తే వచ్చే సమస్యలు ఏమిటి?
3. రేషన్ తగ్గింపు స్వదేశాగమనపు స్వచ్ఛందతను ఎలా దెబ్బతీస్తుంది?

III. చేసి చూడండి.
మీ ఊళ్లో ప్రధాన పంట విత్తే నెల, కోసే నెల తెలుసుకోండి. అయిదుగురున్న కుటుంబం విత్తే అదను దాటిన నెలకు ఒట్టి చేతులతో ఆ ఊరు చేరితే, మొదటి పంట దాకా ఎన్ని కిలోల రేషన్ కావాలో 5.1లోని పట్టిక ఆధారంగా లెక్కకట్టండి. మీ ఊళ్లో ఒక పెద్ద రైతుకు ఆ లెక్క చూపించి, అందులో మీరు మరచిపోయినది ఏమిటో అడిగి రాసుకోండి.